ఇంజిను మార్చడం సరే.. పడవ మాటేమిటి?

కామవరపుకోట: పామాయిల్ తోటలు, మొక్కజొన్న చేలతో నిండిన ఈ మెట్ట ప్రాంతంలో పడవ కనిపించడమే అరుదు. పడవ ఇంజిన్ల చర్చతో ఇక్కడివారికి పనేమిటన్న సందేహం కలగడం సహజమే. అయితే ఏలూరు జిల్లా పటాన్ని ఒకసారి పరిశీలిస్తే సంగతి బోధపడుతుంది. మండలానికి దిగువన కొల్లేరు సరస్సు ఉంది. ఎగువన జంగారెడ్డిగూడెం దాటి వెళితే కుక్కునూరు, వేలేరుపాడు మండలాలను ఆనుకుని గోదావరి ప్రవహిస్తోంది. 2022 ఏప్రిల్ 4న ఏలూరు జిల్లా ఏర్పడినప్పుడు, అంతవరకు కృష్ణా జిల్లాలో ఉన్న కైకలూరు, మండవల్లి తదితర మండలాలు కూడా వచ్చి చేరడంతో కొల్లేరులో అధిక భాగం ఒకే యంత్రాంగం కిందకు వచ్చింది. ఒక చివర మనిషి లోతు లేని సరస్సు, మరో చివర లాంచీలను సైతం లెక్కచేయని మహానది. ఈ రెండింటికీ నడుమ కామవరపుకోట.

వరద కొత్త జిల్లాకు ఎంతో కాలం వ్యవధి ఇవ్వలేదు. అదే ఏడాది జులై 16న భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరింది. 1986లో నమోదైన 75.6 అడుగుల తరువాత అంతటి వరద అదే. వేలేరుపాడు, కుక్కునూరు మండలాల్లోని గ్రామాలకు పడవ తప్ప మరో దారి లేకుండా పోయింది. రెండేళ్ల అనంతరం, 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచెత్తిన బుడమేరు నీరు కొల్లేరుకు చేరింది. మండవల్లి మండలంలోని పెనుమాకలంక, నందిగామలంక వంటి లంక గ్రామాలను నీరు చుట్టుముట్టింది. ఏలూరు, కైకలూరు మధ్య రహదారిపైనే నీరు పారింది.

విపత్తు దళాలు వాడేవి వెనుక భాగాన మోటారు తగిలించిన రబ్బరు పడవలు, తేలికపాటి ఫైబర్ పడవలు. అధికారుల పరిభాషలో వాటి మోటార్లను ‘ఓబీఎం’ అంటారు. అంటే ఔట్‌బోర్డు మోటారు. చేతితో తాడు లాగితే అంటుకునే, ఒడ్డు తగలగానే పైకి ఎత్తివేయగలిగే ఈ మోటారును చూసిన ప్రతి పడవ యజమానికీ ఒక ఆలోచన కలుగుతుంది. పడవ కడుపులో చోటు ఆక్రమించి, పొగ కక్కుతున్న డీజిల్ ఇంజినును తీసివేసి, వెనుక ఇటువంటి మోటారు ఒకటి తగిలించుకుంటే సరిపోదా? ప్రశ్న చిన్నదే. సమాధానం మాత్రం ఏ నీటిలో, ఏ పడవకు అన్నదానిపై ఆధారపడి ఉంది.

రెండింటికీ తేడా ఎక్కడ?

ఇన్‌బోర్డు ఇంజిను పడవ అడుగున స్థిరంగా బిగించి ఉంటుంది. దాని నుంచి ఒక ఇనుప షాఫ్టు పడవ అడుగును చీల్చుకుని నీటిలోకి వెళుతుంది. షాఫ్టు చివర పంకా, దాని వెనుక చుక్కాని. షాఫ్టు బయటకు వెళ్లే గొట్టంలో నీరు లోపలికి రాకుండా గ్లాండు, ప్యాకింగ్ ఉంటాయి. బరువంతా కింద ఉండటంతో పడవ నిలకడగా ఉంటుంది. పంకా పెద్దది, నెమ్మదిగా తిరుగుతుంది. అందువల్ల బరువైన పడవను సైతం ఓపికగా తోయగలుగుతుంది. లోపం ఒక్కటే. పంకాను పైకి ఎత్తే వీలు లేదు. లోతు తగ్గితే నేలకు తగులుతుంది. నాచు చుట్టుకుంటే మనిషి నీటిలోకి దిగి కోయవలసిందే.

ఔట్‌బోర్డు మోటారులో ఇంజిను, గేర్లు, పంకా, చుక్కాని పని అంతా ఒకే పరికరంలో ఇమిడి ఉంటాయి. దానిని పడవ వెనుక గోడకు బిగిస్తారు. మోటారునే అటూ ఇటూ తిప్పితే పడవ మలుపు తీసుకుంటుంది. లోతు లేనిచోట మోటారును వంచి పంకాను నీటి పైకి తీసుకురావచ్చు. అమెరికాలో ఓల్ ఎవిన్‌రూడ్ 1909లో వీటి తయారీని వ్యాపారంగా మార్చిన నాటి నుంచి నేటి వరకు మూలసూత్రం పెద్దగా మారలేదు. ఇందులోని పంకా చిన్నది, వేగంగా తిరుగుతుంది. తేలికైన పడవను పరుగెత్తించడానికి ఉద్దేశించినది. అక్కడే చిక్కు వస్తోంది.

పది హార్స్‌పవర్ డీజిల్ ఇంజిను తీసి పది హార్స్‌పవర్ ఔట్‌బోర్డు పెడితే పడవ అంతే జోరుగా నడుస్తుందని చాలామంది భావిస్తారు. కాగితంపై శక్తి సమానమే. నీటిలో కాదు. జనంతో, సరకులతో నిండిన బరువైన పడవను కదిలించడానికి కావలసింది వేగం కన్నా తోపుడు బలం. చిన్న పంకా నీటిని చిమ్ముతుందే తప్ప పడవను ఆశించినంతగా తోయదు. బరువు పడవల కోసం పెద్ద పంకాతో, ఎక్కువ గేరు తగ్గింపుతో ప్రత్యేకమైన ఔట్‌బోర్డులు ఉన్నాయి. వాటి ధర వేరు.

కోత పెట్టవలసింది పడవకే

ఇంజినును విప్పి ఒడ్డున పెట్టడం ఒక పూట పని. అసలు పని ఆ తరువాతే మొదలవుతుంది. షాఫ్టు వెళ్లే గొట్టాన్ని శాశ్వతంగా మూసివేయాలి. గుడ్డలు కుక్కి పైన తారు పూసి సరిపెట్టుకుంటే అది పడవ అడుగున మిగిలిపోయిన రంధ్రమే. చుక్కానిని, దానిని పట్టి ఉంచే ఇనుప కాళ్లను తొలగించాలి. అవి అలాగే ఉంటే వాటి వెనుక సుడి తిరిగే నీరు, గాలి కలిసి కొత్త పంకాకు పట్టు దొరకనివ్వవు.

ఆ తరువాత వచ్చేది పడవ వెనుక భాగం. మత్స్యకారుల మాటలో అమరం. ఔట్‌బోర్డుకు వెనుక భాగాన నిటారైన, దృఢమైన గోడ కావాలి. మన నాటు పడవలు చాలావరకు రెండు కొనలూ సన్నగా తేలి ఉంటాయి. కొల్లేరులో తరతరాలుగా వాడిన తాటి దోనె సంగతి చెప్పనే అక్కరలేదు. తాటిమాను మొదలును తొలిచి చేసిన దోనెకు మోటారు బిగించాలనుకోవడం, ఎడ్ల బండికి లారీ ఇంజిను పెట్టాలనుకోవడం వంటిదే. కొన కలిగిన పడవకు వెనుక భాగాన్ని కోసి కొత్త గోడ కట్టాలి. లేదా పక్కగా ఒక బ్రాకెట్టు అమర్చాలి. మోటారు తోపుడు మొత్తం ఆ గోడ మీదే పడుతుంది కనుక పలకల మీద పలక అతికించి సరిపెట్టడం కుదరదు. గోడ నుంచి పడవ అడుగు పట్టెల వరకు ఆనుకునేలా మోకాలి దన్నులు వేయాలి. ఫైబర్ పడవలో అయితే లోపలి ప్లైవుడ్ కుళ్లిపోయిందో లేదో ముందుగా తట్టి చూడాలి. బయటికి నునుపుగా కనిపించే గోడలో చెక్క ఎప్పుడో మెత్తబడి ఉండవచ్చు.

గోడ ఎత్తు కూడా ముఖ్యమే. ఔట్‌బోర్డుల కాలు సాధారణంగా 15 అంగుళాలు, 20 అంగుళాల కొలతల్లో వస్తుంది. పంకా పైన ఉండే బల్లపరుపు రేకు పడవ అడుగు మట్టానికి దగ్గరగా ఉండాలి. పొట్టి కాలు మోటారును ఎత్తైన గోడకు బిగిస్తే పంకా గాలిని పట్టి వట్టినే తిరుగుతుంది. అలాగని గోడను మరీ కిందకు కోస్తే వెనుక నుంచి వచ్చే అల నేరుగా పడవలోకి దూకుతుంది. ఒడ్డున టేపుతో కొలిచి తెలుసుకోవలసిన ఈ సంగతిని నది మధ్యలో తెలుసుకోవడం ప్రమాదకరం.

ఇక బరువు సంగతి. వంద కిలోలకు పైబడిన డీజిల్ ఇంజిను పడవ అడుగున, నడుమకు దగ్గరగా ఉంటుంది. దానిని తీసివేయగానే పడవ తేలికపడి పైకి లేస్తుంది. నాలుగైదు పదుల కిలోల కొత్త మోటారు అన్నిటికంటే వెనుక, అన్నిటికంటే ఎత్తులో వచ్చి కూర్చుంటుంది. దాని పక్కనే నడిపే మనిషి, పెట్రోలు ట్యాంకు. ఫలితంగా ముక్కు లేచి, వెనుక కుంగుతుంది. కింద ఉండవలసిన బరువు పోయింది కనుక పడవ పక్కలకు ఊగడం కూడా పెరుగుతుంది. అప్పటివరకు ఇరవై మందిని భద్రంగా దాటించిన పడవ, ఇంజిను మారిన మరుసటి రోజు అదే ఇరవై మందిని అంతే భద్రంగా దాటిస్తుందన్న భరోసా లేదు. పేరు అదే, రంగు అదే. పడవ మాత్రం వేరు.

కొల్లేరు నీటి స్వభావం

కొల్లేరులో మోటారుకు ప్రధాన శత్రువు లోతు లేకపోవడం. రెండో శత్రువు గుర్రపుడెక్క. తమ్మిలేరు, రామిలేరు, బుడమేరు మోసుకొచ్చే ఒండ్రుతో సరస్సు మెరక వేస్తోంది. మెట్ట ప్రాంతంలో కురిసిన వాన దిగువకు తీసుకుపోయేది నీటిని మాత్రమే కాదు, మట్టిని కూడా. ఎత్తగలిగిన పంకా ఇటువంటి చోట ఎంతో ఉపయోగమన్నది నిజమే. అయితే గుర్రపుడెక్క విషయంలో ఔట్‌బోర్డు పూర్తిగా నిర్దోషి కాదు. చాలా ఔట్‌బోర్డులు చుట్టూ ఉన్న నీటినే పీల్చుకుని ఇంజినును చల్లబరచుకుంటాయి. ఆ నీరు లోపలికి వెళ్లే జల్లెడను నాచు, బురద మూసివేస్తే కొద్ది నిమిషాల్లోనే ఇంజిను వేడెక్కుతుంది. నీటిని తోడే రబ్బరు చక్రం బురద నీటిలో త్వరగా అరిగిపోతుంది. మోటారు పక్క నుంచి సన్నని నీటి ధార పడుతోందా లేదా అన్నది నడిపేవాడు కనిపెట్టుకుని ఉండాలి. ధార ఆగిందంటే ఇంజిను ఆపవలసిందే.

ఈ రెండింటికీ మధ్యేమార్గం ఒకటి సముద్రతీరంలో ఎప్పటినుంచో ఉంది. డీజిల్ ఇంజినును పడవ వెనుక భాగంలో తిరగలిలా తిరిగే పీట మీద నిలిపి, పొడవాటి షాఫ్టును పడవ గోడ మీదుగా నీటిలోకి వాల్చుతారు. దీనికి పడవ అడుగున రంధ్రం అవసరం లేదు. నాచు తగిలితే షాఫ్టును అమాంతం పైకి లేపవచ్చు. గాలితో చల్లబడే ఇంజిను అయితే నీటిని పీల్చే బాధ కూడా ఉండదు. ఆంధ్ర తీరంలో ఫైబర్ తెప్పలపై ఇటువంటి ఇంజిన్లు సుపరిచితమే. థాయిలాండ్‌లో కాలువలన్నీ వీటి మోతతోనే నిండి ఉంటాయి. 1980లలో మద్రాసు కేంద్రంగా పనిచేసిన ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ వారి బంగాళాఖాత కార్యక్రమం కూడా ఇటువంటి దారినే వెతికింది. అలల్లోంచి ఇసుక ఒడ్డుకు చేరే పడవల కోసం, డీజిల్ ఇంజిను లోపలే ఉంటూ పంకాను పైకి ఎత్తగల అమరికను రూపొందించింది. నేలకు తగిలే పంకా సమస్యకు ఔట్‌బోర్డు ఒక్కటే పరిష్కారం కాదని నలభై ఏళ్ల క్రితమే తేలింది.

కొల్లేరుకు మరో కోణం కూడా ఉంది. 1999లో అయిదో కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యంగా ప్రకటించిన సరస్సు ఇది. 2002లో రామ్‌సర్ జాబితాకు ఎక్కింది. పాత తరహా టూ స్ట్రోక్ ఔట్‌బోర్డు తాను తీసుకున్న ఇంధనంలో నాలుగో వంతు వరకు మండించకుండానే పొగతో పాటు నీటిలోకి వదులుతుంది. అమెరికాలోని టాహో సరస్సులో ఇటువంటి మోటార్లను 1999లోనే నిషేధించడానికి కారణం ఇదే. ఆటపాక పెలికాన్ల పొరుగున, చేపల చెరువుల మధ్య, మోటారు పెట్టదలచినవారు ఫోర్ స్ట్రోక్ తప్ప మరొకటి తలపెట్టకపోవడం మంచిది. తక్కువ దూరాలకు బ్యాటరీ మోటార్లు ఇంకా నయం. గెడ వేసి నడిపే దోనెకైతే ఏ మోటారూ అవసరం లేదు.

గోదావరి లెక్క వేరు

పాపికొండల మార్గంలో తిరిగే లాంచీల విషయానికి వస్తే, ఔట్‌బోర్డు మార్పును ప్రోత్సహించడానికి కారణం కనిపించదు. అవి బరువైన పడవలు. ఎదురు ప్రవాహంలో గంటల తరబడి నడవాలి. అందుకు పెద్ద పంకా, నెమ్మదైన డీజిల్ ఇంజిను, అడుగున బరువు కావాలి. 2019 సెప్టెంబరు 15న దేవీపట్నం మండలం కచ్చులూరు వద్ద ‘రాయల్ వశిష్ట’ మునిగిన ఘోరాన్ని జిల్లా ఇంకా మరువలేదు. సుమారు అయిదు లక్షల క్యూసెక్కుల వరదలో సాగిన ఆ ప్రయాణం నేర్పిన పాఠాల్లో ముఖ్యమైనది, వరద నీటిలో లాంచీకి నిలకడ, అదనపు శక్తి రెండూ ఉండాలన్నదే. తేలికైన మోటారు ఆ రెండింటినీ పెంచదు.

పైగా నిప్పు ప్రమాదం ఉంది. డీజిల్ అంత తేలికగా అంటుకోదు. పెట్రోలు ఆవిరి మామూలు వేడికే లేస్తుంది, గాలి కన్నా బరువైనది కనుక పడవ అడుగున పేరుకుంటుంది. ఒకే లాంచీలో వంట, పొగ తాగేవారు, విద్యుత్ తీగలు, పక్కనే పెట్రోలు ట్యాంకు. ఈ కలయికను ఎవరూ కోరుకోరు. 2018 మే 11న దేవీపట్నం ప్రాంతంలోనే వందమందికి పైగా పర్యాటకులున్న బోటుకు నిప్పు అంటుకోగా అందరూ క్షేమంగా బయటపడ్డారు. అన్నిసార్లూ ఒడ్డు అంత దగ్గరలో ఉండదు. పెట్రోలు వాడక తప్పని చిన్న పడవల్లో ట్యాంకును మూసి ఉన్న గదిలో కాక గాలి ఆడేచోట ఉంచడం, ఇంధనం ఒడ్డుకు దించి నింపుకోవడం కనీస జాగ్రత్తలు.

ఖర్చు తేల్చే తీర్పు

భద్రత పక్కన పెట్టి చూసినా పడవ యజమాని చివరికి నడిచేది లెక్క ప్రకారమే. పది హార్స్‌పవర్ డీజిల్ ఇంజిను పూర్తి జోరులో గంటకు రెండు, రెండున్నర లీటర్లు తాగితే, అదే శక్తి గల టూ స్ట్రోక్ ఔట్‌బోర్డు నాలుగు, అయిదు లీటర్ల పెట్రోలు అడుగుతుంది. ఫోర్ స్ట్రోక్ కొంత పొదుపు చేసినా డీజిల్ స్థాయికి రాదు. పెట్రోలు ధర ఎటూ ఎక్కువే. సముద్రంలో వేట సాగించే పడవలకు 2019 నవంబరు నుంచి లీటరుకు తొమ్మిది రూపాయలకు పెంచిన రాయితీ కూడా డీజిల్‌కే. కేరళ తీరంలో వేలాది ఔట్‌బోర్డు పడవలు కిరోసిన్ మీద ఆధారపడి, రాయితీ కిరోసిన్ కోటా తగ్గేకొద్దీ పడిన అవస్థలు తెలిసినవే. చవక ఇంధనాన్ని నమ్ముకుని మోటారు కొనడం ఎంత ప్రమాదమో అక్కడి మత్స్యకారులు చెప్పగలరు. కాశీలో గంగపై తిరిగే డీజిల్ పడవలను 2021, 2022 సంవత్సరాల్లో సీఎన్‌జీకి మార్చే పని చేపట్టినప్పుడు కూడా ఒడ్డునే గ్యాసు నింపే ఏర్పాటు చేయవలసి వచ్చింది. ఇంజినుతో పాటు ఇంధనం దారి కూడా మారాలి.

మరమ్మతు మరో సమస్య. పొలంలో నీరు తోడే ఆయిల్ ఇంజిను తెలిసిన మెకానిక్కు పడవలోని డీజిల్ ఇంజిను కొత్త కాదు. ఆ మనిషి ప్రతి మండల కేంద్రంలోనూ దొరుకుతాడు. ఔట్‌బోర్డు విడిభాగాలకు, చెయ్యి తిరిగిన మెకానిక్కుకు సాధారణంగా కాకినాడ, విశాఖపట్నం వంటి హార్బరు పట్టణాల వైపు చూడవలసి వస్తుంది.

మరి ఎక్కడ పనికి వస్తుంది?

ఇన్ని చెప్పిన తరువాత ఔట్‌బోర్డు పనికిరాదన్న అభిప్రాయం కలిగితే అది పొరపాటు. ఈ జిల్లాకు దాని అసలు విలువ వేగంలో లేదు, విప్పి మోసుకుపోగలగడంలో ఉంది. గోదావరి వరద సాధారణంగా జులై, ఆగస్టు నెలల్లో వస్తుంది. కొల్లేరు ముంపు ఆ తరువాతి వానలతో, తరచు సెప్టెంబరు, అక్టోబరుల్లో వస్తుంది. అడుగున పంకా, చుక్కాని ఉన్న డీజిల్ పడవను లారీ ఎక్కించి ఒక నీటి నుంచి మరో నీటికి తీసుకువెళ్లడం క్రేను లేనిదే సాధ్యం కాదు. మోటారు విప్పిన బల్లపరుపు ఫైబర్ పడవను పదిమంది ఎత్తి ట్రాక్టరు తొట్టిలో పెట్టగలరు. ఏలూరుకూ జంగారెడ్డిగూడేనికీ నడుమనున్న, వరద ముంపు భయం అంతగా లేని కామవరపుకోట వంటి మెట్ట మండలంలో ఇటువంటి పడవలను నిల్వ ఉంచితే జులైలో వేలేరుపాడుకు, సెప్టెంబరులో మండవల్లికి అవే పడవలను పంపవచ్చు. వరద వచ్చిన చోటనే పడవలు దాచి, అవి కూడా వరదలో చిక్కుకున్నాక బయటి నుంచి తెప్పించుకోవడం కన్నా ఇది మేలు.

అందుకు పాత పడవలను మార్చడం కన్నా, మొదటి నుంచీ ఔట్‌బోర్డు కోసమే కట్టిన పడవలు కొనడం చవక. ఇప్పటికే ఉన్నవాటిలో మార్పుకు తగినవి బల్లపరుపు వెనుక గోడ కలిగిన చిన్న ఫైబర్ పడవలు మాత్రమే. అటువంటి మార్పు చేసినప్పుడు యజమాని దానిని అధికారులకు తెలియజేయడం ఐచ్ఛికం కాదు. 1917 నాటి చట్టం స్థానంలో వచ్చిన 2021 అంతర్దేశీయ నౌకల చట్టం ప్రకారం యాంత్రిక పడవలకు సర్వే, రిజిస్ట్రేషను తప్పనిసరి. పడవలో చేసిన ముఖ్యమైన మార్పులను కూడా నమోదు చేయించాలి. తనిఖీ అధికారి కొత్త మోటారు రసీదు చూసి సంతకం పెట్టడంతో సరిపుచ్చకుండా, పడవను నీటిలోకి దించి, బరువులు ఎక్కించి, ఒక పక్కకు జరిపి ఎంత ఒరుగుతోందో చూడాలి. ఎంతమందిని ఎక్కించవచ్చన్న అంకె అప్పుడు మళ్లీ రాయాలి. పాత అంకె పాత ఇంజినుతోనే పోయింది.

నిల్వ ఉంచిన మోటార్ల సంరక్షణ అన్నిటికన్నా నిర్లక్ష్యానికి గురయ్యే పని. నెలల తరబడి వాడని మోటారులో పెట్రోలు జిగురుగా మారి కార్బురేటరు సన్నని రంధ్రాలను పూడ్చివేస్తుంది. నీటిని తోడే రబ్బరు చక్రం ఎండి బిగుసుకుంటుంది. వరద నీటిలో వాడిన మోటారును మంచినీటితో కడగకుండా గోదాములో పెడితే లోపలి బురద గట్టిపడుతుంది. నెలకొకసారి డ్రమ్ము నీటిలో నిలబెట్టి పదినిమిషాలు నడపడం, మిగిలిన పెట్రోలును తీసివేయడం, ఏడాదికొకసారి రబ్బరు చక్రం మార్చడం. పని ఇంతే. ఇందుకు కావలసిన కొద్దిపాటి పెట్రోలు ఖర్చు ఏ శాఖ భరించాలి, రెవెన్యూనా, మత్స్యశాఖనా, అగ్నిమాపక శాఖనా అన్నది మోటార్లు కొనకముందే రాతపూర్వకంగా తేల్చుకోవలసి ఉంది.